కోటవీధిలో కోట యేది?

విశాఖపట్టణమున వన్ టౌనని పిలువబడు పాత పట్టణమున కోటవీధి యను వీధి కలదు; ఆ వీధిలో నేడు కోట లేదు. దాని చేరువనే బురుజుపేట కలదు. ఆ పేటలో బురుజు లేదు. పేరు మిగిలినది, వస్తువు మాయమైనది. ఈ పేర్లను ప్రతిదినమును పలుకువారు వేలకొలది యున్నారు గాని, ఆ గోడ యేవైపున సాగెను, ఆ బురుజు ఎచ్చట నిలిచెను అని యడిగిన వ్రేలెత్తి చూపగలవా రెందఱు? కట్టడము నశించుట ఒక్కనాటి పని కాదు. మొదట దానిని వాడుకొనువారు పోవుదురు. పిమ్మట దాని కథ చెప్పువారు పోవుదురు. కట్టకడపట రాయి పోవును. రాయి పడినప్పుడు మాత్రమే మనము ఉలికిపడి "అయ్యో" యందుము. నేడు మిగిలియున్న కట్టడముల విషయమున మన మీ మూడు మెట్లలో ఏ మెట్టుపై నిలిచియున్నామో విచారింపవలసియున్నది.

ఈ విచారణకు చేపల రేవు, అనగా జనులందఱు ఫిషింగ్ హార్బరని పిలుచు తావు, తగిన స్థలము. అచ్చట నిలిచి దక్షిణమునకు జూచిన డాల్ఫిన్స్ నోస్ కొండ సముద్రములోనికి చొచ్చి కనబడును. ఆ కొండకు ఈవలగా ఓడలు లోపలి రేవునకు పోవు కాలువ. కాలువకు ఈ గట్టున మూడు గుట్టలు. ఒకదానిపై వేంకటేశ్వరస్వామి యాలయము, ఒకదానిపై దర్గా, ఒకదానిపై మేరీమాత చర్చి. వాని సమీపముననే పాత పట్టణము. బొబ్బిలి రాజావారి వదాన్యతవలన వెలసిన టౌన్ హాలు, విక్టోరియా రాణి కంచు విగ్రహము గల మంటపము, 1914లో కుఱుపాము జమీందారుగారు కట్టించిన మార్కెటు కమాను, సెయింట్ అలోషియస్ పాఠశాల, తెల్లవారి పాత శ్మశానవాటిక, మంగుళూరు పెంకుల యిండ్లు, మద్రాసు మిద్దెలు — ఇవి యన్నియు కాలినడకను ఒక పూటలో చూడదగినంత దగ్గఱగా నున్నవి. ఒక పట్టణపు మూడు శతాబ్దుల చరిత్ర ఇంత చిన్న నేలలో ఇమిడియుండుట సామాన్యము గాదు.

ఆ చరిత్రను రెండు మాటలలో జ్ఞప్తికి దెచ్చుకొందము. ఆంగ్లేయ వర్తకులు 1682లో ఇచ్చట వర్తకశాల నెలకొల్పిరి. నాటినుండి రెండున్నర శతాబ్దులు ఓడలు దూరముగా సముద్రమునందే లంగరు వేయగా మసూలా పడవలపై సరకు లొడ్డునకు చేరెడివి. పిమ్మట ఉప్పుటేటి బాడవను త్రవ్వి, రెండు పాత ఓడలను నీట ముంచి అలల కడ్డుకట్టగా నిలిపి, లోపలి రేవును సిద్ధపఱచిరి. 1933లో అది తెఱువబడినది. 1941లో బాబూ రాజేంద్రప్రసాదుగారు నౌకానిర్మాణశాలకు శంకుస్థాపన చేసిరి. 1948లో జలఉష యను ఓడను నెహ్రూగారు నీటిలోనికి దింపిరి. 1957లో చమురు శుద్ధికర్మాగారము వచ్చెను. ఉక్కు కర్మాగారమునకై 1966లో ఆంధ్రదేశ మంతయు లేచినది. పలువురు ప్రాణము లర్పించిరి. 1971లో శంకుస్థాపన జరిగి, 1992లో ఆ కర్మాగారము జాతికి అంకితమయ్యెను. బయటి రేవును, దాని యొడిలో ఈ చేపల రేవును 1970 దశాబ్దమున వెలసినవి.

ఈ యభ్యుదయమును నిందించు తలంపు మాకు లేదు. ఉక్కు ఆంధ్రుల హక్కని వీధులలో నినదించిన జాతి పరిశ్రమను ద్వేషింపజాలదు. అయితే హక్కు అను మాటను ఆ జాతియే నేర్చినది గనుక ఒక ప్రశ్న వేయుచున్నాము. కర్మాగారమును సాధించుకొనుట హక్కైనప్పుడు, పూర్వులు విడిచిన పట్టణమును నిలుపుకొనుట హక్కు కాకుండునా? ఒకటి మన బిడ్డల కూటికి, రెండవది వారి జ్ఞాపకమునకు. కూడు గలిగి జ్ఞాపకము లేని జాతిని సులభముగా నెవరైనను ఏమార్తురు.

ఓడరేవు పట్టణమున పాతగోడకు శత్రువులు పలువురు. మొదటిది సముద్రపు గాలి. అందలి యుప్పు తేమతో గోడలోనికి జొచ్చి, ఎండకు స్ఫటికమై యుబ్బి, పూతను పొరలు పొరలుగా రాల్చును. రెండవది పొగ. ఇంధనములు కాల్చగా వెలువడు గంధకపు వాయువు సున్నముతో కలిసి దానిని జిప్సముగా మార్చును. ఆ జిప్సమున బొగ్గుపొడి చిక్కుకొని నల్లని చెక్కుగా పేరుకొనును. పాత పట్టణపు గృహిణి ప్రతి యుదయమున వసారా తుడిచినపుడు చేతి కంటు నల్లని ధూళి ఆ గోడలకును అంటుచున్నది. గృహిణి కడిగివేయగలదు, గోడ కడుగుకొనలేదు. తూర్పు కనుమలలో దొరకు ఖొండలైటు రాయి చెక్కుటకు అనువైనదే గాని, కాలక్రమమున తేమకు మెత్తబడి మట్టిగా రాలు స్వభావము గలది.

మూడవ శత్రువు మన చేతులలోనే యున్నది. అది తెలియక చేయు మరమ్మతు. పూర్వపు మేస్త్రీలు గానుగ సున్నమున బెల్లపునీరు, కరక్కాయ రసము కలిపి గచ్చు చేసిరి. ఆ పూత తేమను లోనికి రానిచ్చి మరల వెలికి పోనిచ్చును. నేడు బీట కనబడినంతనే సిమెంటు మెత్తుచున్నారు. సిమెంటు తేమను వెలికి పోనీయదు. లోన చిక్కిన నీరు రాతిని తినివేయును. పైకి గోడ క్రొత్తగా దోచును, లోపల పుచ్చిపోవును. ఇట్లు అయిదారేండ్లు గడచిన పిమ్మట "ఈ భవనము శిథిలమైనది, అపాయకరము" అని నోటీసు అంటింపబడును. చంపినది రోగము కాదు, వైద్యము. అయినను నింద రోగిపై పడుచున్నది.

చట్టము లేదా యని పాఠకులు ప్రశ్నింపవచ్చును. కలదు. 1904 నాటి శాసనమునకు పిమ్మట 1958లో కేంద్రశాసనమును, 1960లో ఆంధ్రప్రదేశ్ శాసనమును పుట్టినవి. కేంద్రశాసనము ప్రకారము ఒక కట్టడము నూరేండ్ల ప్రాయము గలదై, జాతీయ ప్రాముఖ్యము గలదని తోచినచో, రెండు నెలల గడువుతో ప్రకటన చేసి, ఆ ప్రకటన ప్రతిని కట్టడముకడ అంటించి, ఆక్షేపణలు విని, రక్షితమని నిర్ణయింపవచ్చును. 2010 సవరణవలన రక్షిత కట్టడమునకు నూఱు మీటర్లవఱకు క్రొత్త నిర్మాణము నిషిద్ధము. ఆపైని రెండువందల మీటర్లు నియంత్రితము. రక్షిత కట్టడమును నాశనము చేసినవారికి రెండేండ్ల వఱకు ఖైదు గాని, లక్ష రూపాయల వఱకు జరిమానా గాని, రెండును గాని విధింపవచ్చును. రాజ్యాంగపు 49వ అధికరణము జాతీయ ప్రాముఖ్యము గల కట్టడములను కాపాడు బాధ్యతను ప్రభుత్వముపై నుంచినది. 1976లో చేర్చిన 51ఏ అధికరణము మన సమ్మిశ్ర సంస్కృతి వారసత్వమును గౌరవించి రక్షించుటను ప్రతి పౌరునకు విధిగా జెప్పినది. ఆలయము, దర్గా, చర్చి ఒకే వరుసలో నిలిచిన మూడు గుట్టలకంటె ఆ సమ్మిశ్ర సంస్కృతికి వేఱు వ్యాఖ్యానము కావలయునా?

కాని ఈ చట్టపు వల కన్నులు పెద్దవి. జాతీయ ప్రాముఖ్యము గల గుహ, స్తూపము, దుర్గము దానిలో నిలుచును. ఒక పట్టణమునకు మాత్రమే ప్రాణప్రదమైన మార్కెటు కమాను, పాఠశాల, వసారా యిల్లు ఆ కన్నులలోనుండి జారిపోవును. వీనిని పట్టవలసిన చిన్న కన్నుల వల నగరపాలక సంస్థ చేతిలోను, పట్టణాభివృద్ధి సంస్థ చేతిలోను ఉన్నది. బొంబాయి నగరమున 1995లో అట్టి నిబంధన లేర్పఱచి, తరగతులవారిగా కట్టడముల పట్టిక తయారుచేసి, వారసత్వ సంఘము సలహా లేక పట్టికలోని భవనమును మార్పరాదని కట్టడి చేసిరి. హైదరాబాదునను ఆ కాలముననే అట్టి నిబంధన యుండెను. 2015లో దానిని తొలగించిరి. పిమ్మట 2019లో శాసనసభకై ఎఱ్ఱమంజిల్ భవనమును కూల్చి క్రొత్తది కట్ట నిర్ణయింపగా, పౌరులు న్యాయస్థానమున కెక్కిరి. సెప్టెంబరు 16వ తేదీన హైకోర్టు ఆ నిర్ణయమును కొట్టివేసినది. కొందఱు పౌరులు వ్యాజ్యము వేయుటచేతనే ఆ భవనము నాడు నిలిచినది. ఇది సంతోషింపదగిన వార్త. అయినను ప్రతి గోడకు ఒక వ్యాజ్యము వేయగలవా రెందఱు? వ్యాజ్యము అవసరము లేకుండ కాపాడునదే మంచి నిబంధన.

రక్షితమని బోర్డు తగిలించినంతనే రక్షణ కలుగునా యనునది మఱియొక ప్రశ్న. ఈ పట్టణపు పరిసరములే ఉత్తర మిచ్చుచున్నవి. భీమునిపట్టణము త్రోవలో తొట్లకొండపై బౌద్ధ సంఘారామము కలదు. 1976లో నౌకాస్థావరమునకై ఆకాశమునుండి జరిపిన పరిశీలనలో దాని జాడ తెలిసినది. 1988 మొదలు తవ్వకములు సాగినవి. అది రక్షిత స్థలమే. అయినను 2019 అక్టోబరు వానలకు అచ్చట పునర్నిర్మించిన మహాస్తూపములో ఒక భాగము కూలినది. వాన బోర్డును చదువదు. కాలువ తీసి, బీట పూడ్చి, ఏటేట కనిపెట్టు మనుష్యుడే రక్షణ. బోర్డు ఆ మనుష్యునకు అధికారము నిచ్చు చీటి మాత్రమే.

అనకాపల్లి చెంత శంకరమున బొజ్జన్నకొండ కథ మఱింత బోధకరము. 1907లో అలెగ్జాండర్ రీ దొర తవ్వించి వెల్లడించిన ఆ బౌద్ధక్షేత్రము కేంద్ర పురావస్తుశాఖ రక్షణలో నున్నది. అయినను కనుమనాడు చుట్టుపట్ల జనులు కొండకు చేరి, అచ్చటి విగ్రహమును రాక్షసుడని తలంచి రాళ్లు రువ్వు ఆచారము బహుకాలము సాగినది. జనులు దుర్మార్గులు కారు. వారికి చెప్పినవారు లేరు. కార్యకర్తలును అధికారులును ఊరూర తిరిగి నచ్చచెప్పిన పిమ్మట ఆ యాచారము నిలిచిపోయినది. చట్టము చేయలేని పనిని మాట చేసినది. కావున రక్షణకు మూడంగములు: చట్టము, మరమ్మతు, జనుల యెఱుక. ఈ మూటిలో ఏది లోపించినను తక్కిన రెండును నిరర్థకములు.

ఇక రెండు ఆక్షేపణలకు సమాధానము చెప్పవలసియున్నది. మొదటిది దేశభక్తుల నోట వినబడునది: ఇవి పరపాలకుల కట్టడములు, వారికి తలవంచిన జమీందారుల దానములు, వీనిని స్వతంత్ర జాతి యేల మోయవలెను? ఈ ప్రశ్నలోని ఆత్మగౌరవమును మేము మన్నింతుము. కాని నిర్ణయమును అంగీకరింపము. గోడ యెవరి యాజ్ఞచే లేచినను, రాయి మోసినవాడు, సున్నము నూఱినది, కమాను వంచినవాడు మన తెలుగువారు. పైగా ఈ నేల దాస్యమును మాత్రమే చూడలేదు. 1780లో హైదరాలీపై యుద్ధమునకై ఓడనెక్కి చెన్నపట్టణము పొమ్మన్న యాజ్ఞను ఈ పట్టణపు సిపాయిలు ధిక్కరించి తుపాకు లెత్తిరి. అది 1857కు డెబ్బదియేడేండ్లు ముందటి మాట! ఆ తిరుగుబాటు జరిగిన తావును మన పిల్లలకు చూపవలెనన్న ఈ పాత పట్టణపు నేల తప్ప వేఱు నేల లేదు. సెయింట్ అలోషియస్ పాఠశాల పరదేశ మిషనరీలదే. కాని అచ్చట చదివిన చంద్రశేఖర వేంకట రామన్ ఎవరివాడు? విక్టోరియా విగ్రహమును మ్రొక్కుటకై కాపాడమనుట లేదు. ఒకనాడు మనము మ్రొక్కితిమని మఱువకుండుటకై కాపాడుమందుము. దాస్యపు గుర్తులను చెఱిపివేసినంత దాస్యము జరుగలేదని కాదు.

రెండవ యాక్షేపణ మఱింత బరువైనది; అది పేదవానిది. 2023 నవంబరు 19వ తేదీ రాత్రి ఈ చేపల రేవున అగ్ని రేగి పదులకొలది మరపడవలు కాలిపోయినవి. ఎన్నియో కుటుంబముల జీవనాధారము తెల్లవారునప్పటికి బొగ్గైనది. అట్టివారియెదుట నిలిచి కమానుల సౌందర్యమును గూర్చి యుపన్యసించుట న్యాయమా? న్యాయము కాదు. జాలరికి కావలసినవి మురుగు కాలువ, మంచినీరు, మంటల నార్పు నీటిగొట్టము, ధూళిలేని గాలి. కాని పాఠకులు యోచింపగోరుచున్నాము: కుఱుపాము మార్కెటునకు కావలసినవి మఱేమి? అదే కాలువ, అదే నీటిగొట్టము, అదే గాలి. పేదవాని యింటిని తినుచున్న తేమయే పాత మిద్దెనును తినుచున్నది. పేదవాని రొమ్ములోనికి పోవు ధూళియే కమానుపై పేరుకొనుచున్నది. ఈ రెండును ఒకే వ్యాజ్యము, వాది ప్రతివాదులు గారు. 2022 నవంబరు 12వ తేదీన సుమారు 150 కోట్ల రూపాయల వ్యయముతో చేపల రేవు ఆధునికీకరణమునకు ప్రధానమంత్రి శంకుస్థాపన చేసిరి. రేవునకు అంత ధనము పోయదగినదే. దాని వెనుకనున్న పేటల కాలువలకును మిద్దెలకును అందులో పదియవ పాలైనను వేఱుగా కేటాయింపరాదా?

ఇక సొంతదారుని మాట. నూరేండ్ల యింటిని తండ్రినుండి పొందిన గుమాస్తా దానిని నిలుపుకొనలేకున్నాడు, అమ్ముకొనలేకున్నాడు. అతనిని దోషిగా నిలువబెట్టి "నీ యిల్లు జాతి సొత్తు, ముట్టుకొనకు" అనుట సులభము. జాతి సొత్తైనచో జాతి ఖర్చు పెట్టవలదా? ఆస్తిపన్ను తగ్గింపు, మరమ్మతునకు సహాయము, ఆ స్థలమున పైకి కట్టుకొను హక్కును వేఱొక చోటికి బదలాయించు సదుపాయము — ఇవి లేని రక్షణ శిక్ష యగును. శిక్షకు జడిసినవాడు రాత్రికి రాత్రి గోడ పడగొట్టును.

పరిశ్రమతో పాటు పాతదనమును కాపాడుకొనలేని ఓడరేవు పట్టణమునకు ఏమి జరుగునో లోకమే చెప్పుచున్నది. ఇంగ్లాండున లివర్‌పూల్ ఓడరేవు 2004లో ప్రపంచ వారసత్వ స్థలముగా ఎన్నికయ్యెను. రేవు ప్రక్కన క్రొత్త కట్టడములను అదుపు లేక రానిచ్చినందున 2021లో ఆ గౌరవమును కోల్పోయెను. అంత ధనము, అంత విద్య గల దేశమే ఇట్లు జాఱినది. మనము నిద్రించుట తగునా?

కావున మేము కోరునవి నాలుగు. ఒకటవది: పాత పట్టణములో రక్షింపదగిన ప్రతి కట్టడము పేరు, సర్వే నెంబరు, వయస్సు, యజమాన్యము తెలుపు పట్టికను తెలుగున అచ్చొత్తించి ప్రతి గ్రంథాలయమునందును, వార్డు కార్యాలయమునందును వ్రేలాడదీయవలెను, దస్త్రపు బీరువాలో నిద్రించు పట్టిక రక్షణ కాదు. రెండవది: పట్టికలోని కట్టడమును శిథిలమని కూల్చుటకు ముందు అరువది దినముల గడువిచ్చి, గానుగ సున్నపు పని తెలిసిన నిపుణునిచే పరీక్ష చేయించి, ఆ నివేదికను బహిరంగపఱుపవలెను. మూడవది: పట్టణమున విశాలమైన భూములు ఓడరేవు, రైల్వే, నౌకాదళముల చేతులలో నున్నవి; నగరపాలక సంస్థ నిబంధనలు వారి ప్రహరీల నంటి నిలిచిపోరాదు; ఆ సంస్థలును ఈ పట్టికకు లోబడుదుమని వ్రాతమూలకముగా ఒప్పుకొనవలెను. నాలుగవది: ధూళిని ఎగజిమ్ము సరకును కప్పి దించుట, కప్పి మోయుట అను నియమమును తప్పక అమలు జరుపవలెను, ఇది గోడలకన్న ముందు ఊపిరితిత్తుల కొఱకు.

అధికారులను కోరుట ముగిసినది. ఇక పాఠకుల వంతు. బురుజుపేటలో కనకమహాలక్ష్మీ అమ్మవారి గర్భగుడికి పైకప్పు లేదు. ఆ తల్లి ఎండకు వానకు అట్లే నిలిచియున్నది. ఒకప్పుడు వీధి వెడల్పుకై ఆ విగ్రహమును కదిలింపగా పట్టణమున ప్లేగు ప్రబలెననియు, యథాస్థానమున నిలిపిన పిమ్మటనే శాంతించెననియు పెద్దలు చెప్పుదురు. నమ్మువారు నమ్ముదురు, నమ్మనివారు మానుదురు. కాని మార్గశిర గురువారములలో అచ్చట బారులు తీరు స్త్రీలను చూచిన యే యధికారియు నేడు ఆ రాతిని కదిలింప సాహసింపడు. కప్పులేని గుడికి ఆ జనమే కప్పు. టౌన్ హాలునకును, మార్కెటునకును, పాత పాఠశాలకును అట్టి కప్పు మన మేల కాకూడదు?

పఠనమందిరములలో ఈ పత్రికను చదువు సోదరులకు మా విన్నపము: వచ్చు ఆదివారమున పదిమంది కలిసి, ఇద్దఱు పిల్లలను వెంటబెట్టుకొని, చేపల రేవునుండి కోటవీధి వఱకు నడువుడు. కనబడిన ప్రతి పాత కట్టడము పేరును, స్థితిని వ్రాసికొనుడు. ఏ గోడపై మఱ్ఱి మొలచినది, ఏ గచ్చుపై సిమెంటు మెత్తిరి, ఏ తలుపుపై నోటీసు అంటినది గుర్తించి, నగరపాలక సంస్థ కమీషనరునకు సంతకములతో అర్జీ పంపుడు. ఉత్తరము రానిచో మరల పంపుడు. ఆ యర్జీ ప్రతిని మాకును పంపినచో ప్రచురింతుము. కోట పోయిన వీధికి పేరైనను మిగిలినది. మార్కెటు పోయిన పిమ్మట దాని పేరు కూడ మిగులునని ఎవరు హామీ యీయగలరు?